పసుపు చుక్కకి చమ్కీలు

నేను చెబుతుంటే మా అమ్మాయి సునీత రాస్తోంది. నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి అక్షరాలకీ నాకూ రాకపోకలు లేవు. సూదికీ నాకూ ఉన్నాయి. చెప్పింది చెప్పినట్టు రాయాలి, మధ్యలో నాజూకులు దిద్దకూడదని ముందే మాట తీసుకున్నాను. ఇప్పుడే మొహం ముడుచుకుంది. ముడుచుకుందని కూడా రాయవే.

ఇదంతా ఒక కోటుతో మొదలైంది. చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం మా మనవరాలు నయోమి, అంటే ఈ సునీత కూతురు, యూని నుంచి, అదే యూనివర్సిటీ, వస్తూ వస్తూ మగవాళ్ళ పొడుగు కోటు ఒకటి భుజాన వేసుకొచ్చింది. పాతబట్టల దుకాణంలో కొన్నారట. ఈ ఇంగ్లీషు దేశంలోనే పుట్టిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి ఇంగ్లీషే వస్తుంది. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం పాపం రెండూ కలిపి పిసుకుతుంది. “అమ్మమ్మా, మా ప్లేకి ఇది కావాలి. యూ కెన్ స్యూ, రైట్? ఈ స్టార్ ఇక్కడ, లెఫ్ట్ సైడ్” అని, పసుపురంగు గుడ్డలో కత్తిరించిన ఆరు కొసల చుక్క ఒకటి నా ఒళ్ళో పడేసి మేడ మీదికి పరుగెత్తింది. “ఎవరిదే ఈ కోటు?” అని కేకేశాను. “హీరోది!” అని పైనుంచి అరిచింది. నాటకమేమిటో, చుక్క ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. హీరో అన్నాక నాకింక వేరే వివరం ఎందుకు?

కోటు మొహానికి దగ్గరగా పెట్టుకున్నాను. తడిసి ఆరిన ఉన్ని వాసన, కలరా ఉండల వాసన, ఎవడో ముసలాడి చంకల వాసన. చంకలనే రాయి సునీతా, బాహుమూలాలని రాయకు. ఆ వాసనతో నేను రౌస్ హిల్‌లో మా అమ్మాయి ఇంట్లో సోఫా మీద కూర్చుని ఉండగానే తెనాలి వెళ్ళిపోయాను.

మా నాయన తెనాలిలో నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చేవాడు. మా ఇంట్లో మనుషులకంటే రాజులు ఎక్కువ. దండేల మీద రాజులు, మేకులకి రాజులు, మంచం కింద మూటకట్టిన మంత్రులు. అమ్మ పప్పులో పోపు పెడుతుంటే పక్కన కిటికీలో రాక్షసుడి మీసం ఆరుతుండేది. పోపు ఘాటుకి మీసం తుమ్మినట్టు కదిలేది. మఖమలు అంగీలు ఉతక్కూడదు, ఉతికితే జరీ నల్లబడుతుంది. ఎండలో వేసి, వేపాకు పొగ పెట్టి, మళ్ళీ పెట్టెలో మడతపెట్టేవాళ్ళం. అందుకే దూరం నుంచి చూస్తే దేవలోకం, దగ్గరికెళితే మేకలదొడ్డి. మొహానికి పూసుకునే అర్దళం పచ్చగా పొడి పొడిగా ఇంట్లో ప్రతిదాని మీదా పడేది. అమ్మ ఎంత తుడిచినా మా అన్నం మీద కూడా కాస్త పడే ఉంటుంది. నాయనమ్మ నోట్లోంచి చుట్ట తీయకుండానే కిరీటాలకి అద్దాలు అంటించేది. ఒకసారి నిప్పురవ్వ పడి ఒక కిరీటం సగం కాలింది. దాన్ని పారెయ్యలేదు, రాక్షసులకి కేటాయించారు.

నాకు జడ వేసుకోవడం రాకముందే చమ్కీ కుట్టడం వచ్చు. నాయన నేర్పిన సూత్రం ఒకటే. “ఛాతీ మీద ఏది కుట్టినా, ఆఖరి చాప మీద కూకున్న ముసల్దానికి కనపడాలే. కనపడకపోతే కుట్టినట్టు కాదు.” అప్పుడు పెట్రోమాక్స్ లైట్లు. మెరవని గుడ్డ ఆ వెలుతురులో గోనెపట్టా లాగే కనిపిస్తుంది. అందుకని మేం రాజుకీ కుట్టేవాళ్ళం, బంటుకీ కుట్టేవాళ్ళం, శవానికి కప్పే గుడ్డకి కూడా అంచున రెండు వరసలు వేసేవాళ్ళం.

ఆ చెయ్యి ఊరుకుంటుందా? మర్నాడు బస్సెక్కి పారమట్టాలో దిగి మనవాళ్ళ దుకాణాలుండే హారిస్ పార్క్ దాకా నడిచాను. అక్కడ దుకాణం కుర్రాడు “పెళ్ళా ఆంటీ?” అన్నాడు. “పెళ్ళిలో ఎవడికి కావాలయ్యా ఇంత మెరుపు, నాటకానికి” అన్నాను. బంగారురంగు చమ్కీలు, సన్నపాటి జరీ లేసు, మధ్యలోకి ఒక ఎర్రరాయి. ఇంటికొచ్చి కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాను. చుక్క కొసకొసకీ లేసు తిప్పాను, లోపలంతా చమ్కీ చేపపొలుసులా పరిచాను. ఎర్రరాయి నడిమధ్యన పెట్టి దీపం కిందికి పట్టుకుంటే, ఏం చెప్పను, సూర్యుడు కోటు తొడుక్కున్నట్టుంది.

నయోమి చూసి నోరు తెరిచింది. మెచ్చుకుంటోందనుకున్నాను.

“నో. నో నో నో. అమ్మమ్మా!”

“ఏమే, తక్కువైందా? ఇంకా ఉన్నాయి.”

“ఇట్స్ నాట్ డెకరేషన్! దిస్ ఈజ్ హోలోకాస్ట్!”

“ఆ పేరుగల దేవుడు నాకు తెలీదే.”

సునీత వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి ఆ చుక్కని చూసి “అయ్యో అమ్మా” అని కుర్చీలో కూలబడింది. అప్పుడు నయోమి నా కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని చెప్పింది. తెలుగు రాని చోట ఇంగ్లీషు, ఇంగ్లీషు నాకు అర్థం కాని చోట సునీత. జర్మనీలో పాలించేవాళ్ళు యూదులని ఏరి విడిగా పెట్టారట. గుర్తుపట్టడానికి వాళ్ళ బట్టల మీద ఈ చుక్క ఉండాలట. ఈ బెంచీ మీద కూర్చోకూడదు, ఆ దుకాణంలోకి రాకూడదు, వాళ్ళ పిల్లని వీళ్ళు, వీళ్ళ పిల్లని వాళ్ళు ప్రేమించకూడదు. ఆ తర్వాత రైళ్ళలో కుక్కి తీసుకెళ్ళి చంపేశారట. ముసలివాళ్ళని, పసివాళ్ళని, లక్షల మందిని. నాటకం ఒక యూదుల కుర్రాడూ, రొట్టెలు కాల్చేవాడి కూతురూ ప్రేమించుకున్న కథట. రొట్టెలవాడి కూతురు మా నయోమి.

చుక్కని ఒళ్ళోకి తీసుకున్నాను. ఎర్రరాయి నాకేసి చూస్తోంది. “ఇవి ఎవరు కుట్టేవాళ్ళే?” అని అడిగాను.

“దెమ్‌సెల్వ్స్. వాళ్ళవి వాళ్ళే కుట్టుకోవాలి.”

“మా నాయన కాస్త నయం. నా చేత కుట్టించాడు” అన్నాను. తల్లీకూతుళ్ళు ఇద్దరూ నా మొహం చూశారు. అప్పటిదాకా ఈ కథ వాళ్ళకి సగమే తెలుసు, లేచిపోయి పెళ్ళి చేసుకున్నానన్న సగం. ఆ మధ్యాహ్నమంతా చమ్కీలు ఒక్కొక్కటే ఊడదీస్తూ మిగతా సగం చెప్పాను.

మా ఇంట్లో ఒక రేకుపెట్టె విడిగా ఉండేది. మేం ఊరు, వాళ్ళు ఊరవతల అంటరాని పల్లె. పల్లెవాళ్ళ నాటకానికిచ్చే డ్రెస్సులు ఆ పెట్టెలోవి. దానికి ఇంట్లో చోటు లేదు, గేదెల కొట్టంలో ఉంచేవాళ్ళం. ఊరి రాజు వేసుకున్న అంగీ పల్లె రాజుకి వెళ్ళదు, పల్లె రాజుది ఊరి రాజుకి తగలకూడదు. కానీ ఎండ పడే దొడ్డి ఒక్కటే కదా. అన్నీ ఎండేసినప్పుడు కలిసిపోతాయని, పల్లె పెట్టెలో ప్రతి అంగీకీ మెడ లోపల పసుపు దారంతో ఒక ముడి కుట్టమనేవాడు నాయన. అది నా పని. ఉప్పుకొక కుండ, చింతపండుకొక కుండ అన్నట్టే అనుకుని కుట్టేదాన్ని.

పల్లె నాటక సమాజంలో రాజు వేషం దావీదుది. నల్లగా, పొడుగ్గా, నవ్వితే పై పన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి కనిపించేది. నాటకం ముందురోజు కొలతలు చూసుకోవడానికి వచ్చి దొడ్లో నిలబడేవాళ్ళు. అరుగెక్కకూడదు. నాయన అరుగు మీద నుంచి బట్టలు విసిరేవాడు, వాళ్ళు పట్టుకునేవాళ్ళు. నాయన లేని రోజున ఆ విసిరే పని నాది.

“ఏంది అమ్మాయిగారూ, రాజుగారికి బట్టలు ఇసురుతారా?” అన్నాడు దావీదు.

“రేపు సాయంత్రం నుంచి గదా రాజువి. ఇయ్యాల దావీదువే.”

“అయితే రేపు సాయంత్రమే వచ్చి తీసుకుంటాలే.”

నవ్వొచ్చి అంగీ చేతికిచ్చాను. విసరలేదు. నాయనమ్మ చూసి చుట్ట పొగ అటువైపు వదిలింది. అతను తొడుక్కుని మెడ గోక్కున్నాడు. “గుచ్చుకుంటంది. ఈ పచ్చదారం ఏంది?”

“గుర్తు.”

“నా మెడకాయకి గుర్తెందుకు అమ్మాయిగారూ, ఊరంతటికీ తెలిసిందే గదా” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వుతో నాకు వారం రోజులు అన్నం సయించలేదు.

అతని నాటకం నేను చూసింది నాయనమ్మ పుణ్యమే. ఆవిడకి నాటకమంటే పిచ్చి, ఎవరు వేస్తున్నారన్నది పట్టేది కాదు. ఊరికీ పల్లెకీ మధ్య పొలంలో వేసేవాళ్ళు. మేం గడ్డివాము చాటున కూర్చునేవాళ్ళం. రాజు చచ్చేసరికి ఎప్పుడూ తెల్లారి ఎండొచ్చేది. పాలు పోసేవాళ్ళు బిందెలు దించుకుని ఆగేవాళ్ళు. బాణం దిగిన రాజు పద్యం ఎత్తుకుని, రాగం పొలం చివరిదాకా లాగి, లాగి, కూలిపోయేవాడు. కూలగానే జనంలోంచి ఎవడో “వన్స్ మోర్!” అనేవాడు. చచ్చిన రాజు లేచి, దుమ్ము దులుపుకుని, హార్మోనీ ఆయన వైపు తల ఊపి, మళ్ళీ పద్యం అందుకుని, మళ్ళీ చచ్చేవాడు. మాకదేం వింతగా ఉండేది కాదు. పిలిస్తే లేవకపోతేనే మర్యాద తప్పు. ఆ రోజు జనం పిలిచి పిలిచి ఊరుకున్నాక, అంతా లేవబోతుంటే నా నోట్లోంచి వచ్చింది. “వన్స్ మోర్!” ఆడపిల్ల గొంతు, గడ్డివాములోంచి. చచ్చినవాడు ఒక కన్ను తెరిచి వామివైపు చూశాడు. గొంతు బొంగురుపోయినా లేచి పాడాడు. అప్పుడు తేల్చేసుకున్నాను. నాకా మనిషి కావాలి. మా నాయనకి ఆ మనిషి నీడ మా అరుగు మీద పడకూడదు. మధ్యలో ఉన్నది నా చేత్తో కుట్టిన పసుపుదారం ముడి.

ఏం చెయ్యాలో బుర్ర పెట్టి ఆలోచించలేదు. చెయ్యే ఆలోచించింది. అమ్మానాయనా పెళ్ళికని బాపట్ల వెళ్ళినప్పుడు, ఇంట్లో ఉన్న ప్రతి అంగీ దించి, ప్రతి మెడలోనూ అదే పసుపు ముడి కుట్టేశాను. ఊరి రాజులకి, దేవుళ్ళకి, రాక్షసులకి, అందరికీ. పల్లె పెట్టెలోవి తెచ్చి దండెం మీద కలిపేశాను. నాయనమ్మ దారం ఎక్కించి ఇస్తూ “ఆ విదూషకుడిది మర్చిపోయావు” అంది.

నాయన వచ్చి దండెం చూశాడు. ఒక మెడ తిప్పాడు, ముడి. ఇంకోటి తిప్పాడు, ముడి. చివరిదాకా తిప్పాడు. తర్వాత ఆయన చేసిన పని తలుచుకుంటే నాకిప్పటికీ కడుపుబ్బ నవ్వొస్తుంది. వాసన చూడటం మొదలుపెట్టాడు. అంత పెద్దమనిషి, పంచె ఎగ్గట్టి, దేవుడి చంకలో ముక్కు పెట్టాడు, రాక్షసుడి చంకలో ముక్కు పెట్టాడు. ఏది ఊరిదో ఏది పల్లెదో తేలాలి కదా. అన్నీ ఒకటే కంపు. కొబ్బరినూనె, వేపపొగ, చెమట. అరుగు మీద నాయనమ్మ నవ్వి నవ్వి పొలమారి, చుట్ట ఒళ్ళో పడేసుకుంది.

“ఎవురే ఈ పని చేసింది?”

“నేనే నాయనా.”

“ఎందుకు?”

“నాకు దావీదు కావాల.”

చెంప వాచింది. అది మామూలే. ఆ సాయంత్రం పల్లెవాళ్ళు పెట్టె కోసం బండి తెచ్చారు. నాయన లోపల తలుపేసుకున్నాడు. నేను పట్టపగలు అందరూ చూస్తుండగా వెళ్ళి ఆ రేకుపెట్టె మీదే కూర్చున్నాను. దావీదు ఎద్దులని ఆపి “దిగండి అమ్మాయిగారూ, నన్ను చంపుతారు” అన్నాడు. “లేవడం అలవాటే గదా నీకు, తోలు” అన్నాను. నాయనమ్మ వచ్చి సూదుల డబ్బా నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది. ఆ పెట్టె నాయన మళ్ళీ ఎప్పుడూ వెనక్కి తీసుకోలేదు, నన్నూ తీసుకోలేదు. నాలుగు కిరీటాలూ తుప్పు రేకూ నా సారె.

ఇది చెప్పేసరికి చమ్కీలన్నీ ఊడి సాసర్‌లో పడ్డాయి. నయోమి కళ్ళు తుడుచుకుంటూ “అమ్మమ్మా, సేమ్ స్టోరీ” అంది. కాదు అన్నాను. నన్ను పొమ్మన్నారు, పోయి బతికాను. గుంటూరులో ఆయన బస్సు కండక్టరయ్యాడు, పిల్లని చదివించుకున్నాం, ఆ పిల్ల మమ్మల్ని విమానమెక్కించి ఇక్కడ తెచ్చి పెట్టింది. వాళ్ళని రైలెక్కించారు. దారం ఒకే రంగుదైనంత మాత్రాన రెండూ ఒకటని నేననను. ఉత్త పసుపు గుడ్డ చుక్కని ఉత్త దారంతో కుట్టి ఇచ్చాను. నా జీవితంలో నేను కుట్టిన అన్నిటికంటే తేలికైన కుట్టు అది, దాన్నే రెండుసార్లు విప్పి కుట్టాను.

శనివారం మధ్యాహ్నం ఆటకి నన్నూ తీసుకెళ్ళారు. తెర లేదు, హార్మోనీ లేదు, గోడలకి నల్లరంగు. డబ్బు చాలక మానేశారనుకున్నాను, కావాలనే అలా వేస్తారట. హీరో టామ్ అనే కుర్రాడు. పెరుగులో ముంచి తీసినట్టున్నాడు, ముక్కు మీద మచ్చలు. జర్మనీ పిల్ల మాత్రం మా నల్లపిల్ల. “ఇదేంటే, తారుమారుగా ఉంది” అంటే సునీత “ష్, ఇప్పుడు అలాగే అమ్మా” అంది. కూర్చోకూడని బెంచీ మీద ఆ కుర్రాడు కూర్చుంటే, మా పిల్ల వచ్చి పక్కన కూర్చుని తన మెడలో గుడ్డ తీసి అతని చుక్క మీద కప్పింది. నాకు మా అరుగు గుర్తొచ్చింది. ఆ తర్వాత పోలీసులు వచ్చారు. కుర్రాడు లేచాడు, ఒక్క మాట లేకుండా నడిచి, వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు. పద్యం లేదు, పడిపోవడం లేదు. హాలంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. నా నోరు నా మాట వినలేదు.

“వన్స్ మోర్!”

ముందు వరసలన్నీ తిరిగి చూశాయి. సునీత సీట్లోంచి కిందికి జారిపోయింది.

కారులో సునీత మొదలుపెట్టింది. “హోలోకాస్ట్ ప్లేలో వన్స్ మోర్ ఏంటమ్మా! డిస్గస్టింగ్ అనుకుని ఉంటారు!” నయోమి వెనక సీట్లోంచి మెల్లగా అంది, “అమ్మమ్మా, ఆ సైలెన్స్ కావాలనే. అప్పుడు వాళ్ళని తీసుకెళ్తుంటే స్ట్రీట్‌లో అందరూ చూశారు. ఎవరూ పిలవలేదు. దట్స్ ద పాయింట్. లాస్ట్ షోకి వస్తే నో షౌటింగ్, ప్రామిస్?” ప్రామిస్ అన్నాను. కాసేపాగి, “టామ్ ఏమన్నాడో తెలుసా? ఐ నియర్లీ టర్న్డ్ ఎరౌండ్ అన్నాడు” అంది.

నేను సునీత మొహం చూడలేదు. దావీదు ఇక్కడి ఆస్పత్రిలోనే పోయాడు, అంతకు ముందు చలికాలంలో. నర్సమ్మ వచ్చి దుప్పటి సర్దుతుంటే నేను ఆయన చెవి దగ్గర వంగి నెమ్మదిగా అన్నాను, వన్స్ మోర్ అని. ఎంతమంది పిలిస్తే అన్నిసార్లు లేచిన మనిషి. జ్వరంలో ఉన్నా లేచేవాడు. ఆ రోజు మాత్రం బద్ధకించాడు. సునీత నా భుజం పట్టుకుని “అమ్మా, ఊరుకో” అంది. నర్సమ్మ ముందు పరువు పోతుందని. ఊరుకున్నాను. ఆ తర్వాత మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు.

మా కాలంలో అంతా మోటు. అరుపులు, చెమట, చచ్చినవాడు లేవడం. ఇప్పుడంతా సుకుమారం. బాధ కూడా నిశ్శబ్దంగా, టికెట్టు మీద వేసిన టైముకి అయిపోవాలి. అప్పుడు మేం అంటుకోకూడదని బట్టలు విసిరే మొరటువాళ్ళమే, నేనేం ముచ్చటపడటం లేదు. కానీ చచ్చేవాణ్ణి పిలిచేవాళ్ళం. ఆ ఒక్కటీ మాకు వచ్చు.

ఆఖరి ఆటకి వెళ్ళాను. ప్రామిస్ చేశాను కనక కొంగు ముద్ద చేసి నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. పోలీసులు వచ్చారు. టామ్ లేచాడు, నడిచాడు, తలుపు దగ్గర ఆగాడు. శనివారం నాడు ఆగలేదు. వీపు మావైపు, చెయ్యి తలుపు మీద, నేను చుక్క కుట్టిన కోటు భుజాల దగ్గర కాస్త వదులుగా ఉంది. నేను కొంగు గట్టిగా కొరుకుతున్నాను. అప్పుడు నా పక్కనుంచి లేచింది ఒక గొంతు, మా ఆయన గొంతులాగే చివర్లో కాస్త విరిగి.

“వన్స్ మోర్!”

సునీత. లేచి నిలబడి ఉంది. రాయవే, సిగ్గెందుకు. నయోమి మాతో సరిగ్గా మాట్లాడటానికి కొన్నాళ్ళు పట్టింది, పట్టనీ. టామ్ వెనక్కి తిరగలేదు. నాటకంలో అలా లేదు కదా. కానీ ఆ కుర్రాడు వినే వెళ్ళాడు.